మధ్యాహ్నం కుర్చీలో ఆరేళ్లు

మా కార్యక్రమం మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చేది. వంట ముగించి, గిన్నెలు కడిగి, ఆడవాళ్లు కాసేపు నడుం వాల్చే వేళ. చూసేవాళ్లకు అది రోజుకొక గంట. మాకు మాత్రం నెలలో ఆరేడు రోజుల పని. ఒక్క రోజులో నాలుగు రోజుల కార్యక్రమం తీసేవాళ్లు. సోమవారం చీర కట్టుకుని ఒక కుటుంబాన్ని ఓదార్చి, లోపలికి పోయి మంగళవారం చీర కట్టుకుని, ముఖం మీద మళ్లీ పౌడరు అద్దించుకుని, ఇంకో కుటుంబాన్ని ఓదార్చేదాన్ని. గురువారం చీర కట్టేసరికి సాయంత్రం అయ్యేది. అప్పటికి ఎదురుగా కూర్చున్న ఆమె ఏడుస్తూ ఉంటే, తాగే భర్త ఈమె భర్తేనా, పొద్దున వచ్చిన ఆమె భర్తా అని నాకు తికమకగా ఉండేది. ఒళ్లో పెట్టుకున్న కాగితం వైపు ఒక చూపు చూసేదాన్ని. చూసినట్టు తెలియకుండా చూడడం ఆ పనిలో నేను మొదట నేర్చుకున్న విద్య.

ఆ కుర్చీలో ఆరేళ్లు కూర్చున్నాను. అంతకుముందు పద్దెనిమిదేళ్లు సినిమాల్లో నవ్వించాను. రెండూ నేను కోరుకున్నవి కావు. అలాగని ఎవరూ బలవంతం కూడా చేయలేదు.

మాది జమ్మలమడుగు. నాన్న బడిలో తెలుగు మాస్టారు. మా ముత్తాతల కాలంలో దొరల మిషన్ వచ్చినప్పుడు క్రైస్తవంలోకి మారిన కుటుంబాల్లో మాదొకటి. ఆదివారం గుడికి పోవడం, తెల్ల చీరలు, క్రిస్మస్‌కు పిల్లల నాటకం, ఇదీ మా ఇంటి లోకం. ఆ నాటకంలో ఒక ఏడాది నాకు సత్రం యజమాని భార్య వేషం ఇచ్చారు. నిండు గర్భిణితో వచ్చిన వాళ్లకు చోటు లేదని చెప్పి తలుపు వేసుకోవాలి, అంతే. నేను తలుపు సగం మూసి, తల బయటికి పెట్టి, "యాడ పెట్టల్ల మిమ్మల్ని? నా నెత్తిన పెట్టుకోవాల్నా?" అన్నాను. గుడంతా నవ్వింది. పాస్టరు అయ్యగారు కూడా పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇంటికి వచ్చాక అమ్మ వీపు మీద ఒకటి వేసింది.

చదువు ఇంటర్‌తో ఆగింది. ప్రొద్దుటూరులో ఒక సెట్టిగారి బట్టల అంగడిలో చీరలు చూపించే పనిలో చేరాను. రోజూ బస్సులో పోయి రావడం. పగలంతా చీరలు విప్పడం, సాయంత్రం మడతపెట్టడం. నా ముందు కూర్చున్న ఆడవాళ్లు లేచి పక్క అంగడికి పోకుండా ఉండాలంటే వాళ్లను నవ్వించాలని నాకు తొందరగానే తెలిసింది.

ఒకరోజు ఒకాయన వచ్చాడు. కోస్తా మాట. గండికోటలో సినిమా తీస్తున్నారు, ఆయన దుస్తుల పని చూసేవాడు. ఊరి జనం వేషాలకు నలభై నూలు చీరలు కావాలన్నాడు. నేను తీసి పరిస్తే తల అడ్డంగా ఊపాడు. "కొత్తవి కాదమ్మా. కట్టి ఉతికినట్టు పాతగా ఉండాలి."

"పాత చీరలు కావాలంటే అంగడికి యాల వచ్చినావప్పా? ఇండ్లమ్మటి పోయి అడుగు."

ఆయన నవ్వుతూ పరుపు మీద కూలబడ్డాడు. ఇంకోసారి అనమన్నాడు. అన్నాను. మళ్లీ నవ్వాడు. ఆయన నవ్వింది నేను చెప్పినదానికి కాదు, చెప్పిన మాట తీరుకు అని నాకు ఆ వయసులో అర్థం కాలేదు. నన్ను చూసి నవ్వాడనే సంతోషం ఒక్కటే మిగిలింది. మరుసటి వారం సెట్టిగారి దగ్గర రెండు రోజులు సెలవు అడిగి గండికోట పోయాను. రాళ్ల మీద ఎండలో నిలబడి, హీరో స్నేహితుణ్ణి ఒక్క మాట తిట్టాలి. ఏడుసార్లు తిట్టాను. ఏడుసార్లూ కెమెరా వెనకాల ఉన్నవాళ్లు నవ్వారు.

ఆ ఒక్క మాట నన్ను హైదరాబాదు తీసుకుపోయింది. పనిమనిషి, ఇంటి యజమానురాలు, పెద్దరెడ్డిగారింట్లో వంటమనిషి, లావుపాటి పెళ్లాం. ఏ వేషమైనా మాట ఒకటే. "మీ సీమ యాస ఇంకొంచెం దట్టించండి" అనేవాళ్లు. దట్టించేదాన్ని. పదేళ్లలో ఆ మాట ఎంత మోటుగా అయిందంటే, అట్లా మాట్లాడే మనిషి జమ్మలమడుగులో గానీ ప్రొద్దుటూరులో గానీ ఎక్కడా ఉండదు.

ఒకసారి ఇంటికి పోయినప్పుడు నాన్న అడిగాడు. టీవీలో నా సినిమా వస్తోంది, చప్పుడు తగ్గించి పెట్టాడు.

"మన మాట అట్ల ఉంటాదా పాపా?"

"సినిమా కదా నాయనా. రోంత పెంచుతారు."

"నేనెప్పుడన్నా నీతో అట్ల మాట్లాడినానా?"

"లేదు."

"మీ అమ్మ మాట్లాడిందా?"

"లేదు నాయనా."

"సరేలే. తిను" అన్నాడు. ఆ తర్వాత ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తకుండానే పోయాడు. రెండేళ్లకు అమ్మా పోయింది.

నాకు పేరు తెచ్చిన వేషం ఒకటుంది. హీరోకు మేనమామ, ఆయనకు పెళ్లాం నేను. సినిమా మొత్తం వంటింట్లోనే ఉంటాను. ఆకలైనప్పుడల్లా, రాగిసంగటి ముద్దలా గుండ్రంగా ఉంటానని, "ఏయ్ సంగటిముద్దా" అని కేకేస్తాడు. నేను నడుం మీద చేతులు పెట్టుకుని, కళ్లు పైకి తిప్పి, "వస్తాండాలే, ముద్ద దొర్లుకుంటా వస్తాంది" అంటాను. అన్నాక నిజంగానే ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ నడుస్తాను. సినిమాలో అది తొమ్మిదిసార్లు వస్తుంది. తొమ్మిదోసారి నేను నోరు తెరవకముందే హాలు మొత్తం ఆ మాట అనేది. నేను ప్రొద్దుటూరులో ఒక హాల్లో వెనక వరుసలో కూర్చుని చూశాను. నా చుట్టూ వందలమంది నా మాట అంటున్నారు. అప్పుడు కలిగిన సంతోషాన్ని ఇప్పుడు కాదనలేను.

నలభై దాటాక పిలుపులు తగ్గాయి. నవ్వించే పని ఫోన్లలోకి పోయింది. కుర్రవాళ్లు ఇంట్లో కూర్చుని అరనిమిషంలో నవ్విస్తున్నారు. నాలాంటివాళ్లకు పెళ్లి సీన్లలో వెనక నిలబడే వేషాలు మిగిలాయి. పెళ్లి అంటే గుర్తొచ్చింది, నేను చేసుకోలేదు. కుదరలేదు, కుదుర్చుకోవడానికి తీరిక పెట్టలేదు. అట్లాంటి రోజుల్లో ఒక ఛానలు వాళ్లు పిలిచి మధ్యాహ్నం కార్యక్రమం చేస్తారా అని అడిగారు. కుటుంబాలు వస్తాయి, కష్టం చెప్పుకుంటాయి, నేను విని, నవ్వించి, సర్దిచెప్పి పంపాలి.

"ఏడిపించేవాళ్లు చాలామంది ఉన్నారు మేడమ్. మిమ్మల్ని చూస్తే జనం భయపడకుండా నోరు విప్పుతారు" అన్నాడు దర్శకుడు. నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు. మర్యాదస్తుడు. ఆరేళ్లలో ఒక్కరోజు కూడా నాతో గొంతు పెంచలేదు. నా చెవిలో చిన్న గుండీలాంటిది ఒకటి పెట్టేవాళ్లు. ఆయన లోపల గదిలో కూర్చుని అందులోంచి మాట్లాడేవాడు. ఎదురుగా మనిషి కష్టం చెప్తుంటే, చెవిలో ఆయన గొంతు "ఇక్కడ ఆగకండి, అత్తగారి సంగతి అడగండి" అనేది. ఇద్దరి మాటా ఒకేసారి వినాలి, ముఖం మాత్రం ఒకరినే వింటున్నట్టు పెట్టాలి. రాత్రి పడుకున్నాక కూడా ఆ చెవిలో ఎవరో గాలి పీల్చుకుంటున్నట్టు ఉండేది.

మంచి జరగలేదని అనను. పదేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు నా ముందు కలిశారు. కొడుకు చదువు మానిపించాలనుకున్న ఒక తండ్రి మానిపించనని మాటిచ్చి, నిలబెట్టుకున్నాడు కూడా. కానీ రోజుకు నలుగురి కష్టం వింటే, నాలుగో కష్టం చెవులదాకా వస్తుంది, లోపలికి రాదు. ఏడ్చే మనిషికి నీళ్ల గ్లాసు అందిస్తూ నా మోకాళ్ల నొప్పి గురించి ఆలోచించిన రోజులు ఎన్నో ఉన్నాయి.

అయిదో ఏడు జిల్లాలకు తిరిగి కార్యక్రమం తీద్దామన్నారు. మా కడప జిల్లాలో మూడు రోజులు పెట్టుకున్నారు. మొదటిరోజు జమ్మలమడుగు. మా వీధివాళ్లు ఆదివారం చీరల్లో వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు, అందరూ నన్ను చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచారు. రెండోరోజు ప్రొద్దుటూరులో ఒక కల్యాణమండపం. అక్కడ మూడో కుటుంబంగా ఆమె వచ్చింది.

చక్రాయపేట దగ్గర పల్లెలో పుట్టి, వేంపల్లెకు కోడలుగా వచ్చిన మనిషి. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. కొంచెం బొద్దుగా, గట్టిగా ఉంది. భర్త, అత్త, పన్నెండేళ్ల కూతురు వెంట వచ్చారు. భర్త కొత్త చొక్కా మడత గీతలు కూడా పోకుండా వేసుకున్నాడు. నా కాగితంలో వాళ్ల గురించి రెండే ముక్కలు రాసి ఉన్నాయి. 'భర్త గౌరవించడు. తేలిక విషయం, నవ్వులుంటాయి.'

"చెప్పమ్మా, ఏం కష్టం?" అన్నాను.

"కష్టమంటే కొట్టేది, తిట్టేది ఏమీ లేదక్కా. పేరు పెట్టి పిలవరు. అంత్యా."

జనం కొంచెం నవ్వారు. నేనూ నవ్వి, "మరి ఏమని పిలుస్తారు?" అన్నాను.

ఆమె నా వైపు అదోలా చూసింది. "నువ్వు పెట్టిన పేరే కదక్కా. సంగటిముద్ద."

మండపం అంతా గొల్లున నవ్వింది. ఆమె ఆ నవ్వు తగ్గేదాకా ఆగింది. అలవాటైన దానిలా ఆగింది.

"నాకు పెండ్లయిన నెలకే మీ సినిమా వచ్చె. ఈయన చూసొచ్చి ఆ పొద్దు మొదలుపెట్టినాడు. మొదట్లో నేను కూడా నవ్వుకుంటి. తర్వాత మా అత్త, మా మరిది, ఈదిలో వాళ్లు. ఇప్పుడు మా పాప కూడా అట్నే అంటాది. మొన్న బడిలో సారు మీ అమ్మ పేరేంది అని అడిగితే, ఆ పిల్ల రోంతసేపు ఆలోచన చేసిందంట."

కూతురు తల వంచుకుంది.

"ఊరికే ప్రేమగా అంటాం మేడం" అన్నాడు భర్త. నవ్వుతున్నాడు. చెడ్డవాడిలా లేడు.

"దాంట్లో ఏముందమ్మా? ఒళ్లు అట్ల ఉండాది, అంటారు" అంది అత్త.

"నేను ఏం చెయ్యాలమ్మా?" అని ఆమెను అడిగాను.

"పెద్దగా ఏం లేదక్కా. ఆ మాట నీది కదా. నువ్వు వద్దంటే ఇంటారు. ఇంగ అట్ల అనొద్దని ఒక మాట చెప్పు. నా పేరు పెట్టి పిలవమను."

ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. ఆ ఒక్క మాట చెప్పేసి ఉంటే ఈ జ్ఞాపకం రాయాల్సిన పని నాకు ఉండేది కాదు. చెవిలో దర్శకుడి గొంతు వచ్చింది. "మేడమ్, ఆ డైలాగు. ఒక్కసారి. హాలంతా దానికోసమే చూస్తోంది." నేను తల ఊపలేదు. ఆయన అటు వేదిక పక్కన నిలబడ్డ మనిషికి కూడా ఏదో చెప్పినట్టున్నాడు. ఆ మనిషి భర్తకు చెయ్యి ఊపాడు. భర్త సిగ్గుపడుతూనే గొంతెత్తి, "ఏయ్ సంగటిముద్దా" అని కేకేశాడు.

నేను లేచాను. లేవాలనుకుని లేవలేదు. పద్దెనిమిదేళ్లు ఆ పని చేసిన ఒళ్లు దానంతట అది లేచింది. నడుం మీద చేతులు, పైకి తిప్పిన కళ్లు. "వస్తాండాలే, ముద్ద దొర్లుకుంటా వస్తాంది." వేదిక మీద అటూ ఇటూ ఊగుతూ నాలుగడుగులు వేశాను. ఈలలు, చప్పట్లు. కుర్చీలు ఎక్కి నిలబడ్డారు. అంత నవ్వు నేను పదేళ్లుగా వినలేదు. కూర్చునేటప్పుడు నా గుండె కొట్టుకుంటోంది, సంతోషంతోనే.

తర్వాత భర్తకు బుద్ధి చెప్పాను. ఆమె పేరుతో పిలవమన్నాను. పిలిచాడు. చప్పట్లు కొట్టారు. గ్రైండరు ఒకటి బహుమతిగా ఇచ్చి పంపారు. నాలుగో కుటుంబం వచ్చి కూర్చుంది. మరుసటి రోజు పులివెందులలో జనం మొదట్లోనే ఆ మాట అడిగారు. అక్కడ రెండుసార్లు చేశాను.

నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, ముఖానికి రంగు వేసే అమ్మాయి తన ఫోను చూసి నవ్వుతోంది. "మేడమ్, మీదే. మళ్లీ తిరుగుతాంది" అని చూపించింది. అది ప్రొద్దుటూరు ముక్క. భర్త కేక, నా మాట, నా నడక. ఎవరో దానికి డప్పు చప్పుడు కలిపారు. చివర ఆమె ముఖాన్ని పెద్దది చేసి ఆపారు. ఆ రోజు నేను కెమెరా వైపు తిరిగి ఉన్నాను కాబట్టి ఆమెను చూడలేదు. ఇప్పుడు చూశాను. మొదట ఆమె కూడా నవ్వింది. అందరూ నవ్వుతున్నప్పుడు ఒంటరిగా మిగలకూడదని నవ్వే నవ్వు అది. నేను ఎన్నో షూటింగుల్లో నవ్వాను కాబట్టి గుర్తుపట్టాను. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కన కూతురు తల్లి ముఖం చూస్తూ ఉంది.

ఆ ముక్క తీసేయమని దర్శకుణ్ణి అడిగాను. ఆయన రెండు రోజుల్లో ఛానలు పేజీలోంచి తీయించాడు. "కానీ మేడమ్, జనం ఫోన్లలోంచి తీయించడం ఎవరివల్ల అవుతుంది?" అన్నాడు. అది నిజమే. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఆయన అడిగాడు. చేసింది నేను.

ఆమె నింపిన కాగితంలో చిరునామా ఉంది. రెండు వారాలు పోవాలా వద్దా అని గడిపాను. పోతే ఏం చెప్పాలో తెలియలేదు. చివరికి ఒక సెలవు రోజున ప్రొద్దుటూరు వచ్చి, అక్కణ్ణించి వేంపల్లె పోయాను. ఇల్లు అడగాలంటే ఎట్లా అడగాలని భయపడ్డాను. పేరు చెప్పి అడిగితే అంగడతను కాసేపు ఆలోచించి, "ఓ, సంగటిముద్దోళ్ల ఇల్లా?" అన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. రంగు లేకపోతే నన్ను ఎవరూ గుర్తుపట్టరు.

ఆమె వరండాలో కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి కాలు ఆపింది. లేవలేదు.

"ఏందక్కా ఇట్ల వచ్చినావు? మళ్లా కెమెరాలు తెచ్చినావా?"

"లేదు. ఒక్కదాన్నే వచ్చినా."

"కూచో. ఎండలో వచ్చినావు" అని లోపలికి పోయి నీళ్లు తెచ్చింది. నేను తాగేదాకా ఎదురుగా నిలబడింది. ఇన్నేళ్లుగా నీళ్ల గ్లాసు ఇచ్చేదాన్ని నేను. పుచ్చుకుంటే ఎట్లా ఉంటుందో తెలిసింది.

"తప్పు చేసినా. క్షమించమని అడగడానికి వచ్చినా" అన్నాను.

"నీ క్షమాపణ నేనేం చేసుకుందునక్కా? అప్పుడు ఇంట్లోవాళ్లు, ఈదివాళ్లే అంటాండ్రి. ఇప్పుడు ఆటో ఎక్కితే ఆటోవాళ్లు అంటాండారు. శ్రావణమాసంలో గండి గుడికి పోయినాం. స్వామి కాడ వరసలో నిలబడుకోని ఉంటే వెనక నుంచి ఎవరో అన్న్యారు. అంతమంది నవ్విరి. నేను మొక్కు మొక్కకుండానే తిరుక్కోని వచ్చినా."

కోపంగా చెప్పలేదు. అలిసిపోయి చెప్పింది. ఆ గొంతు నాకు తెలుసు, నాదీ అదే గొంతు.

"ఇప్పుడు ఏం చెయ్యమంటావు?" అన్నాను.

"ఆ పొద్దు నేను శానా అడిగినానా? ఒక మాట చెప్పమంటి. అది చెప్పకుండా ఎగిరితివి. అది ఇప్పుడు చెప్పు. మా అత్త ఉండాది, ఆయనకు ఫోన్ చేస్తా, తోటకాడ నుంచి వస్తాడు. ఈదిలోవాళ్లు ఎట్లాగూ వస్తారు నిన్ను చూడను. అందరి ముందర చెప్పు."

భర్త వచ్చాడు. వచ్చీ రాగానే ఫోను తీసి ఫొటో దిగుదామన్నాడు. వీధిలోవాళ్లు పదిహేను ఇరవై మంది వరండా ముందు చేరారు. పిల్లలు గోడ ఎక్కారు. ఒకామె నవ్వుతూ, "ఒక్కసారి అనమ్మా, ముద్ద దొర్లుకుంటా వస్తాంది అని" అంది. అందరూ నా ముఖం చూస్తున్నారు. జనం అడిగితే కాదనడం నాకు చేతకాదు. చిన్నప్పటి గుడి నాటకం నుంచి అంతే. ఆ రోజు మొదటిసారి గమ్మున నిలబడ్డాను. నవ్వించే మనిషి నవ్వించకుండా నిలబడితే ఎంత పాడుగా ఉంటుందో చెప్పలేను. వాళ్ల నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

"ఆ మాట నేను ఇంగ అనను. అది సినిమాలో పెట్టింది. దాన్ని ఈమెకు తగిలించడం తప్పు. అందరి ముందరా నేను ఎగిరింది ఇంగా తప్పు. ఈమెకు ఒక పేరుంది. అట్లనే పిలవండి" అని ఆమె పేరు చెప్పాను.

"పేరు నాకు తెలుసులేమ్మా. పదైదేండ్లుగా ఈ ఇంట్లోనే ఉండాది" అంది అత్త.

"తెలిస్తే పిలువు మరి."

"ఇప్పుడేం పనుంది పిలవను?"

ఎవరో ఒకరిద్దరు నవ్వారు. భర్త ఫోను జేబులో పెట్టుకున్నాడు. అతను భార్య వైపు చూశాడు, నా వైపు కాదు. "నీకు ఇంత బాధగా ఉంటాదని నాకు తెలీదు" అన్నాడు.

"టీవీలో చెప్పినా కదా" అంది ఆమె.

"టీవీలో కదా. ఊరికే చెప్తాండావేమో అనుకుంటి."

ఆ మాట నన్ను చాలా దూరం తీసుకుపోయింది. ఆరేళ్లలో నా ముందు కూర్చున్న వాళ్లందరూ నిజం చెప్పారు. ఇంటికి పోయాక ఎంతమందికి ఇదే జవాబు వచ్చి ఉంటుందో.

జనం తమాషా ఏమీ లేదని వెళ్లిపోయారు. ఆమె నాకు అన్నం, గోంగూర పప్పు పెట్టింది. తింటున్నప్పుడు లోపల్నుంచి అత్త కేకేసింది. మొదట అలవాటైన మాట సగం వచ్చి ఆగింది. తర్వాత విసుగ్గా, అప్పు చేసి తెచ్చినట్టు, కోడలి పేరు పలికింది. "మజ్జిగ యాడ పెట్టినావు?" ఆమె లేచి పోయింది. ముఖంలో ఏమీ మారలేదు. కూతురు మాత్రం నా ఎదురుగా కూర్చుని మొదటిసారి నోరు తెరిచింది. "నేను ఆ పొద్దు నుంచే అనడం మానేసినా. మా యమ్మ కనిపెట్టలే" అంది.

హైదరాబాదు పోయాక ఆ ఏడాది ఆఖరుకు మానేస్తానని దర్శకుడికి చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఎట్లా చెప్పాలో నాలుగైదు రోజులు మనసులో సర్దుకున్నాను. నేను ఫోను తీసేలోపే ఆయనే చేశాడు. మధ్యాహ్నం వేళకు పరభాష సీరియల్ ఒకటి తెలుగులోకి మార్చి వేస్తున్నారట, మా కార్యక్రమం నెలాఖరుతో అయిపోతుందట. "చాలా బాధగా ఉంది మేడమ్" అన్నాడు. నిజంగానే బాధపడుతున్నాడు, ఆయన పనీ పోయింది. నేను మానేయాలనుకున్న సంగతి చెప్పలేదు. చెప్పినా ఇప్పుడు ఎవరు నమ్ముతారు. చివరిరోజు మామూలుగానే నాలుగు చీరలు కట్టుకున్నాను.

ఇప్పుడు ప్రొద్దుటూరులో ఒక మేడమీది ఇంట్లో అద్దెకు ఉంటున్నాను. బంగారు అంగళ్లవాళ్లు, బట్టల అంగళ్లవాళ్లు ప్రారంభానికి పిలుస్తారు. ఆ మాట ఒక్కసారి అనాలంటారు. అనను అంటే మళ్లీ పిలవరు. పొగరెక్కిందని అంటున్నారని తెలిసింది. పొగరు కాదు, ఓపిక లేదు. పొద్దున లేస్తే మోకాళ్లు, సాయంత్రమైతే నడుము. మధ్యలో కాసేపు నాన్న పుస్తకాలు తీసి చదువుకుంటాను. ఆదివారం గుడిలో వాక్యం చదవమంటే చదువుతాను, మా ఇంటి మాటలో, దట్టించకుండా.

కూతురి చదువు కోసం ఆమె పులివెందుల వచ్చింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లతో కలిసి ఒక చిన్న గదిలో బట్టలు కుడుతోంది. నాకు జాకెట్లు కుట్టించుకోవాల్సి వస్తే ప్రొద్దుటూరులో ఎంతమంది దర్జీలున్నా బస్సెక్కి అక్కడికే పోతాను. మేం స్నేహితులం అని చెప్పలేను. ఆమె నన్ను పూర్తిగా క్షమించిందని కూడా అనుకోను. నేనూ అడగలేదు.

పోయిన నెల పోయినప్పుడు ఇంటి సంగతులు అడిగాను.

"మా అత్త పేరు పెట్టే పిలుస్తాంది. కోపమొస్తే మాత్రం పాతదే. ఆయనకు నెలకు రెండు మూడుసార్లు నోరు జారుతాది. పాప అరుస్తాది ఆయన మీద."

"ఆటోవాళ్లు?"

"వాళ్లు మరిసిపోయినారులే. వాళ్లకు ఇంకొకటేదో వచ్చింది. ఇప్పుడు దాన్ని పట్టుకోని నవ్వుతాండారు. అది ఎవరి ఇంటి మనిషో పాపం."

టేపు నా చేతికి చుట్టి, వెనక్కి తిప్పి, భుజం కొలిచి, పుస్తకంలో రాసుకుంది. పోయినసారి కొలత మీద గీత కొట్టేసి కొత్తది రాసింది.

"సన్నబడినావక్కా. తింటాండావా లేదా?"

"తింటాండా."

"ఒక్కదానివే అని పస్తుండొద్దు. బేస్తవారం రా, ఇస్తా" అని, తర్వాతి గుడ్డ మిషన్ మీదికి లాక్కుంది. నేను చెప్పులు వేసుకుని బస్టాండు వైపు నడిచాను. ఎండ ఇంకా తగ్గలేదు. ప్రొద్దుటూరు బస్సు అప్పుడే పోయిందని చెప్పారు. ఇంకో గంటకు గానీ లేదట. నీడ చూసుకుని కూర్చున్నాను.